ఓటర్ల జాబితాలో మన పేరు

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 27:1–11, న్యాయాధిపతులు 9:1–21, అపొస్తలుల కార్యములు 6:1–7.



పంచాయతీ ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన సంఘములలో రెండు రకముల మాటలు వినబడుచుండును. కొందరు, "మనము పరలోకరాజ్యమునకు చెందినవారము, సర్పంచి ఎవరైతే మనకేమి? ప్రార్థన చేసికొందము, చాలును" అందురు. మరికొందరు, "మన పేట ఓట్లన్నియు ఒక్క మూటగా కట్టి పెద్దల చేతిలో పెట్టుదము, ఎవరు ఎక్కువ ఇచ్చెదమందురో వారికే వేయుదము" అందురు. మొదటి మాట భక్తివలె కనబడును, రెండవది తెలివివలె కనబడును. రెంటివలన కలుగు ఫలము మాత్రము ఒక్కటియే. పేట చివర గుడిసెలోనున్న విధవరాలికి తన ఊరి సంగతులలో మాట లేకుండ పోవును. ఆమె పేరు జాబితాలో ఉన్నదో లేదో అడిగినవాడే ఉండడు. ఈ మాసపు పాఠములో ఆమె నిమిత్తము ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

యెరూషలేము విధవరాండ్రు

ఆదిసంఘములో సణుగుడు దేనిని గూర్చి పుట్టెనో చూడుడి. అది ఉపదేశమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు దినదినము పంచిపెట్టుదానిలో భాగము సరిగా అందుటలేదు. ఎవరో పగబట్టి మానిపించిరని లూకా వ్రాయలేదు. పంచువారికి తమ భాష మాటలాడు ఇండ్లు బాగుగా తెలిసియుండును, తక్కిన ఇండ్లు అంతగా తెలియకయుండును. ఊరిలోనైనను ఇట్లే జరుగును. పింఛనుల పట్టీ వ్రాయువాడు తన వీధిని మరచిపోడు. కుళాయి గొట్టము మొదట అతని వాకిటికే వచ్చును. ఊరి చివరనున్న పేట వంతు వచ్చుసరికి నిధులైపోవును, లేనియెడల గొట్టములైపోవును. దీనికి దుర్మార్గుడు అక్కరలేదు, మరపు చాలును.

అప్పుడు అపొస్తలులు చేసినదేమి? ఓర్చుకొని ప్రార్థించుడని విధవరాండ్రతో చెప్పి పంపివేయలేదు. తామే ఏడుగురిని నియమించి ఊరకుండలేదు. శిష్యుల సమూహమంతటిని పిలిచి, మంచిపేరు గలవారిని, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని మీరే ఏర్పరచుకొనుడని చెప్పిరి. ఏర్పరచబడిన వారి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. నీకొలాసు పుట్టుకచేత యూదుడైనను కాడు. ఎక్కువమంది గల పక్షము, ఆకలిగొన్న పక్షపువారి చేతికే గరిటెనిచ్చెను. దీనికంటె గొప్ప ఎన్నికను నేనెక్కడను చదివి యెరుగను.

అయితే ఒక మాట జాగ్రత్తగా గ్రహింపవలెను. సంఘములో పరిచారకుని ఏర్పరచుకొనుటయు, ఊరికి సర్పంచిని ఎన్నుకొనుటయు ఒక్కటి కాదు. సర్పంచి బాప్తిస్మము పొందినవాడై యుండవలెనని మనము కోరరాదు. యేసునామము ఎరుగని న్యాయవంతుడు ఊరిలో ఉండవచ్చును, ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండి ఉపాధి కూలీల మస్టరులో దొంగపేర్లు వ్రాయించువాడును ఉండవచ్చును. యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన గుర్తులు (నిర్గమ. 18:21) ఏ కులమువానికైనను చాలును: సామర్థ్యము, దైవభయము, సత్యాసక్తి, లంచమును అసహ్యించుకొనుట. ఈ నాలుగింటిలో చివరిదానిని మన ఊరివారు సులభముగా కనిపెట్టగలరు. ఎవడు లంచమునకు చేయి చాచునో ఊరిలో ఎవరికి తెలియదు?

పంచాయతీ పని చిన్నదని తలంచువారు దాని పనులను ఒకసారి లెక్కింపుడి. త్రాగునీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, ఊరి లోపలి దారులు, శ్మశానభూములు దాని చేతి క్రిందనే యుండును. ఈ చివరి మాట మన సంఘములకు మరి దగ్గరిది. చనిపోయినవారిని పాతిపెట్టుటకు సమాధుల దొడ్డి లేక, వానకాలములో పెట్టెను భుజములమీద మోసికొని పొలము గట్లవెంట నడచిన పల్లెలు ఎన్ని లేవు? ఆ దొడ్డికి దారి వేయవలెనని తీర్మానము చేయునది ఢిల్లీ కాదు, మన పంచాయతీయే.

పేరుపెట్టి పిలువబడుట

1951–52లో మన దేశమునకు మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ఓటర్ల జాబితా వ్రాయుటకు ఇంటింటికి పోయిన గుమాస్తాలకు ఒక వింత చిక్కు ఎదురయ్యెను. ఉత్తర హిందూస్థానమందు అనేక స్త్రీలు పరపురుషునికి తమ పేరు చెప్పుటకు ఒప్పుకొనలేదు. ఫలానివాని భార్యను, ఫలానివాని తల్లిని అని మాత్రమే చెప్పిరి. ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్‌గారు అట్లు వ్రాయుటకు వీలులేదని, ఎవరి పేరు వారిదే ఉండవలెనని పట్టుపట్టెను. గడువు పొడిగించిరి, బ్రతిమాలిరి. అయినను దేశమందంతట దాదాపు 8 కోట్లమంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షలమంది తమ సొంత పేరు చెప్పకపోయినందున జాబితానుండి తీసివేయబడిరి. బీహారు, ఉత్తర ప్రదేశ్, మధ్య భారత ప్రాంతములు, రాజస్థానములలో ఈ నష్టము ఎక్కువగా కలిగెను. అప్పుడు కలిగిన అల్లరిచేత తరువాతి ఎన్నికలలో స్త్రీలు తమ పేర్లు చెప్పుటకు ముందుకు వచ్చిరి.

సెలోపెహాదు కుమార్తెల చరిత్ర దీనికి ఎంత సమీపముగా నున్నదో చూడుడి. అరణ్యములో జనసంఖ్య వ్రాయబడినది, ఆ లెక్కనుబట్టియే భూమి పంచబడవలెను. కొడుకులు లేనివాని ఇంటికి భాగము లేదు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుటను, యాజకుని యెదుటను, సర్వసమాజము ఎదుటను నిలిచి, మా తండ్రి పేరు ఏల పోవలెనని అడిగిరి. వారి మాట న్యాయమైనదని దేవుడు తీర్పు చెప్పెను. ఆ స్త్రీల అయిదు పేర్లను పరిశుద్ధ గ్రంథము ఒక్కసారి వ్రాసి విడిచిపెట్టలేదు, మరల మరల వ్రాసినది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచునని యోహాను 10వ అధ్యాయములో చదువుచున్నాము. మందను తలలచొప్పున లెక్కించి అమ్ముట సంతలో బేరగాని పని.

మన పల్లెలలో పేరు చెప్పుటకు సిగ్గుపడు స్త్రీలు ఇప్పుడు అరుదు. మనకున్న చిక్కు మరియొకటి. ఒకే మనిషికి మూడు పేర్లుండును. తల్లి పెట్టినది పోలమ్మ, బాప్తిస్మములో సంఘపు రిజిస్టరునకెక్కినది మార్తమ్మ, ఇంటిలో పిలుచునది చిన్నమ్మి. ఆధార్ కార్డులో ఒకటి, ఓటర్ల జాబితాలో మరియొకటి పడును. భర్త పేరు యోహాను అని ఒకచోట, ఎల్లయ్య అని ఇంకొకచోట ఉండును. ఎన్నికల దినమున బూతులో కూర్చుండిన ఏజెంటు, ఈమె ఆమె కాదని అడ్డుపడును. ఆ పెద్దామె వరుసలో అంతసేపు నిలువబడి, నలుగురిలో మాటపడి, ఇంటికి తిరిగి వచ్చును. మరి ఎన్నడును పోదు. ఆధార్, ఓటరు కార్డు, పింఛను పుస్తకము, ఈ మూడింటిలోను ఒక్క పేరే ఉండునట్లు దిద్దించుకొనుట మంచిది. ఏ పేరు ఉంచుకొనవలెనో ఆమెయే నిర్ణయించుకొనవలెను, పాస్టరుగారు కాదు.

మన పెద్దలు విడిచిపెట్టినది

జాబితాను గూర్చి మన క్రైస్తవ పెద్దలు చేసిన ఒక గొప్ప నిర్ణయమును ఈ తరమువారు ఎరుగరు. 1919 నాటి చట్టము క్రింద మద్రాసు శాసనమండలిలో భారత క్రైస్తవులకు వేరుగా స్థానములు, వేరుగా ఓటర్ల జాబితా ఉండెడివి. క్రైస్తవుల ప్రతినిధిని క్రైస్తవులే ఎన్నుకొందురు. ఆ దినములలో పన్ను కట్టువారికిని ఆస్తి గలవారికిని మాత్రమే ఓటు గనుక, మన పల్లెల కూలివారికి అదియు లేదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతములవారీగా స్థానములు పంచినప్పుడు, దోర్నకలు బిషపు వి. ఎస్. అజరయ్యగారు క్రైస్తవులకు ప్రత్యేక జాబితా కూడదని ఎదిరించెను. ఆయన 1912లో అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపు. ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల పల్లెలలో కాలినడకను, ఎడ్లబండిమీదను తిరిగి, బీదలయిన మాల మాదిగ సంఘములను కాపాడినవాడు. సంఘము ఒక రాజకీయ కులముగా మారునేమో, పొరుగువారినుండి విడిపోవునేమో అని ఆయన భయము.

స్వరాజ్యము వచ్చిన తరువాత రాజ్యాంగసభలో ఈ ప్రశ్న మరల లేచెను. ఆ సభకు ఉపాధ్యక్షుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీగారు బెంగాలు క్రైస్తవుడు. ఆయనయు, మద్రాసునుండి వచ్చిన కథోలిక గురువు జెరోము డిసౌజాగారును మైనారిటీలకు స్థానములు ప్రత్యేకించనక్కరలేదను పక్షమున నిలిచిరి. 1949 మే మాసములో సభ అట్లే తీర్మానించెను. రాజ్యాంగపు 325వ అధికరణము ప్రకారము ప్రతి నియోజకవర్గమునకు ఒక్కటే జాబితా. మతము, జాతి, కులము, లింగము కారణముగా దానిలోనుండి ఎవరిని తొలగింపరాదు.

ఈ చరిత్రను ఏల చెప్పుచున్నాననగా, మనకు వేరు జాబితా అక్కరలేదని మన పెద్దలే చెప్పిరి. ఊరివారందరితోకూడ ఒక్క జాబితాలో నుందుమని నమ్మకముతో చెప్పిరి. ఆ ఉమ్మడి జాబితాలో పేరు లేని క్రైస్తవునికి మరి ఎక్కడను పేరు లేదు.

ఇక్కడ కొందరి మనస్సులో ఒక భయమున్నది. "క్రైస్తవ పేరు వ్రాయించుకొనినచో ఓటు పోవునా?" అని అడుగుదురు. పోదు. ఓటరు నమోదు పత్రములో మతము అడుగరు, కులమును అడుగరు. షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన స్థానములో పోటీ చేయుట వేరు సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవ మతమును అవలంబించినవారు ఆ కులములలో లెక్కింపబడరు. మన రాష్ట్రములలో వారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గములో చేర్చిరి. అది మన సంఘముల పాత గాయము, ఈ పాఠములో తీరునది కాదు. ఓటుకు మాత్రము దానితో సంబంధము లేదు.

పేరు చేర్చుకొనుట ఎట్లు

పద్దెనిమిది ఏండ్లు నిండినవారు పేరు చేర్చుకొనవచ్చును. (మొదట ఇరువది యొకటి యుండెను, 1989నుండి పద్దెనిమిది చేసిరి.) పూర్వము జనవరి 1వ తేదీని మాత్రమే వయస్సునకు లెక్కగా తీసికొనెడివారు, 2022నుండి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అను నాలుగు తేదీలు లెక్కకు వచ్చుచున్నవి. కాబట్టి మన యౌవనస్థులు ఏడాదిపాటు వేచియుండనక్కరలేదు. క్రొత్తగా చేరుటకు 6వ ఫారము, చనిపోయినవారి పేరు తీయించుటకు 7వ ఫారము, తప్పులు దిద్దించుటకును ఇల్లు మారినప్పుడును 8వ ఫారము. ఇవి బూతుస్థాయి అధికారి యొద్ద దొరకును. ఆయనను మనవారు బి.ఎల్.వో. అందురు, తరచుగా అంగన్‌వాడీ టీచరో, బడి ఉపాధ్యాయుడో అయియుందురు. సెల్‌ఫోనులోనుండియు దరఖాస్తు పంపవచ్చును. 1950 అను నెంబరుకు ఫోనుచేసి సందేహములు అడుగవచ్చును. దీనికి రుసుము లేదు. ఎవరైన డబ్బు అడిగినచో అది వాని జేబుకే.

పంచాయతీ ఎన్నికలు జరిపించునది రాష్ట్ర ఎన్నికల సంఘము. శాసనసభ, పార్లమెంటు ఎన్నికలు జరిపించు సంఘము వేరు. జాబితా మాత్రము శాసనసభ జాబితానుండియే తీసి, వార్డులవారీగా విడదీసి పంచాయతీ కార్యాలయమున అంటింతురు. ఈ విడదీయుటలోనే పొరపాట్లు ఎక్కువ. నాలుగవ వార్డులోని పేట ఇండ్లు కొన్ని ఆరవ వార్డులో పడును. భార్య ఒక వార్డులో, భర్త ఒక వార్డులో ఉందురు. ముసాయిదా అంటించిన దినములలో చదువు వచ్చిన ఇద్దరు యౌవనస్థులు పోయి, పేట ఇండ్ల వరుసనుబట్టి జాబితాను చదివి చూచుకొనవలెను. అభ్యంతరములు చెప్పుటకిచ్చు గడువు కొద్ది దినములే. నోటిఫికేషను వచ్చిన తరువాత పరుగెత్తినచో ప్రయోజనము తక్కువ.

పని వెదకికొనుచు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయినవారిని గూర్చియు చెప్పవలెను. కొంతకాలము ఊరిలో లేనంతమాత్రమున ఓటు పోదు. అట్లే ఊరిలో ఇల్లు ఉన్నంతమాత్రమున ఓటు రాదు. నివాసము ఎక్కడనో అక్కడనే పేరుండవలెను. రెండుచోట్ల పేరుంచుకొనుట చట్టవిరుద్ధము. అబద్ధపు మాట వ్రాసి సంతకము చేసినవారికి ఒక సంవత్సరమువరకు జైలుశిక్ష కలుగవచ్చును. "అక్కడొకటి, ఇక్కడొకటి ఉండనిమ్ము" అను పెద్దలున్నారు. విశ్వాసి అట్లు చేయరాదు.

కార్డు చేతిలో ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండువారు అనేకులు. కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోయినచో ఓటు లేదు. జాబితాలో పేరుండి కార్డు పోయినచో ఆధార్ వంటి మరియొక గుర్తింపు చూపి ఓటు వేయవచ్చును. ఇంకొక సంగతి మనవారిలో అనేకులు ఎరుగరు. రాజ్యాంగము ప్రకారము గ్రామసభ అనగా ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వారందరు కూడిన సభ. అయిదేండ్లకొకసారి ముద్ర వేయుటకు మాత్రమే గాక, గ్రామసభలో లేచి, మా పేటకు నీళ్లు రాలేదని అడుగుటకును ఆ పేరే ఆధారము.

ముండ్లపొద నీడ

యోతాము గెరిజీము కొండమీద నిలువబడి చెప్పిన ఉపమానమును బడి పిల్లలును ఎరుగుదురు. చెట్లు తమకొక రాజును కోరుకొనెను. ఒలీవచెట్టు తన నూనెను, అంజూరపుచెట్టు తన తీపిని, ద్రాక్షావల్లి తన రసమును విడువలేక రామనెను. చివరకు నీడయే లేని ముండ్లపొద, వచ్చి నా నీడను చేరుడని పిలిచెను. మంచివారు తప్పుకొనినచో ముండ్లపొద రాజగునని దీనిని బోధించుట వాడుక, అది సరియే. నన్ను ఎక్కువగా ఆపునది ఆ అధ్యాయపు నాలుగవ వచనము. అబీమెలెకునకు షెకెమువారు డెబ్బది తులముల వెండి ఇచ్చిరి. ఆ సొమ్ము గుడిలోనిది. దానితో అతడు పనికిమాలిన మనుష్యులను కూలికి పెట్టుకొని తన సహోదరులు డెబ్బదిమందిని ఒక్క రాతిమీద చంపించెను. తలకు ఒక్క తులము పడెను. తరువాత మూడేండ్లకు, అతనిని రాజుగా చేసికొనిన షెకెమువారే కోటలో దాగికొనగా, అతడు కొమ్మలు నరికి తెచ్చి వారిమీద నిప్పుపెట్టెను.

మన ఊళ్లలో వెండి లేదు. అయిదువందల నోటు, సీసా, బిర్యానీ పొట్లము, స్త్రీలకొక చీర. "వారు మన సొమ్మే మనకిచ్చుచున్నారు, పుచ్చుకొని మనకు నచ్చినవానికి వేయుదము" అని తెలివిగా మాటలాడువారున్నారు. ఓటునకు సొమ్ము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును చట్టమునుబట్టి నేరములే. అయినను చట్టముకంటె ముందు ఒక లెక్క చూడుడి. అయిదేండ్లనగా 1,800 దినములకు పైగా. అయిదువందల రూపాయలు దినమునకు ముప్పది పైసలైనను పడవు. సొమ్ము పెట్టి గెలిచినవాడు ఆ సొమ్మును మరల ఎక్కడనుండి లాగుకొనునో మనకు తెలియనిదా? దీపపు బుడ్డినుండి, నీటి గొట్టమునుండి, కాలువ సిమెంటునుండి లాగుకొనును. ఏశావు తన జ్యేష్ఠత్వమును అమ్మినప్పుడు కనీసము ఆకలిగొని యుండెను.

కొన్ని ఊళ్లలో సర్పంచి పదవిని వేలముపాట పెట్టుదురు. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్మును గుడికో రచ్చబండకో ఇచ్చి, తక్కినవారిచేత నామినేషనులు వేయనీయక ఏకగ్రీవమనిపించుకొనును. ఊరంతయు మనస్ఫూర్తిగా ఒక్క మనుష్యుని కోరుకొనినచో ఏకగ్రీవము మంచిదే, పోట్లాటలు తప్పును. పాట పాడిన రాత్రి పేటవారిని పిలిచిరా, స్త్రీలను పిలిచిరా అని మాత్రము అడుగుడి. ఆ సొమ్ములో చర్చి ప్రహరీగోడకు కొంత ఇచ్చినను ఆ పాట న్యాయమైనది కాదు. షెకెమువారిదియు గుడి సొమ్మే గదా.

ఒట్టు పెట్టినవారి సంగతి

సొమ్మిచ్చువాడు ఊరక ఇయ్యడు, ఒట్టు పెట్టించుకొనును. మన ఇండ్లలో బైబిలుమీద చేయి వేయించును, పసిబిడ్డ తలమీద వేయించును. తరువాత ఆ యింటి తల్లికి నిద్రపట్టదు. ఇష్టము లేనివానికి వేసినచో ఊరికి ద్రోహము, వేయనిచో దేవుని ఎదుట మాట తప్పుట, బిడ్డకు కీడు కలుగునేమో అను భయము. ఈ ప్రశ్న నవ్వదగినది కాదు. స్త్రీల కూడికలలో దీనిని ఎవరును ఎత్తరు, ప్రార్థన తరువాత ఒంటరిగా వచ్చి అడుగుదురు.

మార్కు 6వ అధ్యాయములో హేరోదు విందులో ఒట్టు పెట్టుకొనెను. యోహాను తల అడుగగా బహుగా దుఃఖపడెను. అయినను ఒట్టు నిమిత్తమును, కూర్చుండినవారి నిమిత్తమును మాట నిలుపుకొనెను. మాట నిలుపుకొనినందుకు అతనిని వాక్యము ఎక్కడనైన మెచ్చుకొనెనా? చెడ్డపని చేసెదనని పెట్టిన ఒట్టును నెరవేర్చుటవలన పాపము రెండింతలగును. కాబట్టి ఆ తల్లి చేయవలసినది, తొందరపడి దేవుని వాక్యముమీద చేయి వేసినందుకు ఆయన యెదుట ఒప్పుకొనుట, వీలైనచో సొమ్మును తిరిగి ఇచ్చివేయుట, ఓటును నిర్మలమైన మనస్సాక్షితో వేయుట. బిడ్డ తల దేవుని చేతిలోనున్నది, అభ్యర్థి చేతిలో లేదు. ఎవరికి వేసినదియు ఎవరికిని తెలియదు. తెర చాటున ఆమె ఒక్కతెయే యుండును, భర్తకైనను చెప్పనక్కరలేదు.

కాపరులకు ఒక మాట. సంఘస్థుల ఓట్లు మీవి కావు. మైకు సెట్టు కొరకో, రేకుల షెడ్డు కొరకో వాటిని మాట ఇచ్చుటకు మీకు అధికారము లేదు. మీకు ఒక్క ఓటున్నది, అది మీ కుటుంబపు జాబితాలో మీ పేరు ప్రక్కనున్నది. ప్రార్థనా స్థలములను రాజకీయ కార్యములకు వాడరాదని 1988లో చేసిన చట్టమొకటి అన్ని మతములవారికిని ఉన్నది. మతము పేరుచెప్పి ఓట్లడుగుట అక్రమమని సుప్రీముకోర్టు 2017 జనవరిలో మరల స్పష్టపరచెను. పేర్లు చేర్చుకొనుడని పులుపిటునుండి చెప్పవచ్చును, చెప్పవలెను. ఫలానివానికి వేయుడని చెప్పరాదు. అభ్యర్థి ఆరాధనకు వచ్చినచో తక్కినవారివలె చాపమీద కూర్చుండి వాక్యము వినవచ్చును, దండ వేయనక్కరలేదు.

ఓటు వేయు దినమున

2021లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2025 డిసెంబరులో తెలంగాణలోను పంచాయతీ ఎన్నికలు కాగితపు బ్యాలెట్లతోనే జరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఉదయము 6.30నుండి మధ్యాహ్నము 3.30వరకు, తెలంగాణలో 7నుండి 1 గంటవరకే సమయమిచ్చిరి. శాసనసభ ఎన్నికలవలె సాయంకాలమువరకు ఉండునని తలంచి, కూలికి పోయి వచ్చి వేయుదమనుకొనినవారు తప్పిపోవుదురు. సర్పంచికొకటి, వార్డు సభ్యునికొకటి, వేరువేరు రంగుల కాగితములు రెండు ఇత్తురు. రెంటిమీదను ముద్ర వేయవలెను. ఈ ఎన్నికలలో పార్టీ గుర్తులుండవు. ఎవరికి ఏ గుర్తు ఇచ్చిరో ముందుగానే తెలిసికొని పోవుడి.

ముద్ర మీద స్వస్తిక్ ఆకారమును చూచి కొందరు విశ్వాసులు వెనుదీయుదురు. అది పూజకు సంబంధించినది కాదు. కాగితము మడిచినప్పుడు సిరా రెండవ ప్రక్క అంటుకొనినను, తిరగబడిన గుర్తు వేరుగా కనబడును గనుక లెక్కించువారు అసలు ముద్రను గుర్తుపట్టగలరు. అయినను సిరా కొంచెము ఆరనిచ్చి, మొదట నిలువుగా, తరువాత అడ్డముగా మడువుడి. ఒక్క గడిలోనే ముద్ర పడవలెను. రెండు గడుల నడుమ గీతమీద పడినచో ఓటు చెల్లకపోవచ్చును. కాగితముమీద సంతకము గాని వ్రేలిముద్ర గాని పెట్టరాదు. వ్రేలిముద్ర పింఛను పుస్తకములో పెట్టు అలవాటుచేత మన ముసలివారు బ్యాలెట్‌మీదను పెట్టుదురు. ఎవరిదో గుర్తుపట్టుటకు వీలగు కాగితము చెల్లదు. చూపు లేనివారు, చేతులు పనిచేయనివారు పెద్దవయస్సు వచ్చిన తోడును ఒకరిని తీసికొనిపోవచ్చును. మన పేరుమీద ఎవరైన ముందే వేసిపోయినచో ఏడ్చుచు తిరిగి రాక, టెండరు ఓటు ఇమ్మని అధికారిని అడుగవలెను.

పంచాయతీకి అయిదునుండి ఇరువదియొక్క వార్డులవరకు ఉండును. చిన్న ఊరి వార్డులో ఓటర్లు నూరు నూటయేబదిమంది మాత్రమే. ఒక్క ఓటు తేడాతో తేలిన పదవులను గూర్చి ప్రతి ఎన్నికల తరువాత పత్రికలలో చదువుచునే యున్నాము. సమానముగా వచ్చినచో చీటి వేసి తేల్చుదురు. మత్తీయ సంగతిలో అపొస్తలులు చీట్లు వేయకమునుపు ప్రార్థించిరి. మన ఊరి చీటి పెట్టెయొద్ద ఎవరు ప్రార్థించుచున్నారో తెలియదు.

గృహ కూడికలలో మాటలాడుకొనుటకు

మన పేటలో పద్దెనిమిది ఏండ్లు నిండి జాబితాలో లేనివారు ఎవరు? వారి పేర్లు చెప్పుడి. చనిపోయినను జాబితాలో ఇంకను ఉన్నవారెవరు? వారి పేరుమీద ఓటు పడుటకు మనలో ఎవరైన సహాయపడితిరా? గడచిన గ్రామసభకు మన సంఘమునుండి ఎందరు పోయిరి, వారిలో స్త్రీలెందరు? యెరూషలేములోని ఏడుగురివలె, మన ఊరిలో మరచిపోబడిన ఇండ్ల భాషను ఎరిగిన మనుష్యుడు ఎవరు? సమాధుల దొడ్డి దారి సంగతి పంచాయతీలో అడుగుటకు ఎవరు పోవుదురు, ఏ దినమున పోవుదురు?